పంతొమ్మిది నెగెటివ్‌లు

బస్టాండు వెనక అద్దెగది,
మే 13

అన్నయ్యా,

కుశలప్రశ్నలు ఈసారికి వదిలేయి. మన మిరపకాయ ఇల్లు వదిలిపోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. దానికి ఆ ముద్దుపేరు పెట్టిన మేనమామవి నువ్వే కనక దాని కోపం సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకటి రెండు రోజుల్లో అదే చల్లబడి వచ్చేస్తుందనుకున్నాను. మూడో రోజున మా ఊరి బస్సు కండక్టరు చెప్పాడు, చిన్న సంచి ఒకటి పట్టుకుని ఈ నగరంలో దిగిపోయిందని, దారంతా ఏడుస్తూనే ఉందని. కుట్టుపని అంతా పక్కింటావిడకి అప్పజెప్పి, ఆ సాయంత్రమే వచ్చేశాను. ఇన్నాళ్ళూ నీకు రాయనందుకు తిట్టుకో. ఈరోజు దొరుకుతుంది, రేపు దొరుకుతుంది అనుకుంటూ గడిపేశాను.

నా గది కింద టైర్లకి అతుకులు వేసే దుకాణం ఉంది. పొద్దున్నించీ సుత్తి చప్పుడే. నేను మాత్రం గదిలో ఉండేదెప్పుడు! ఆరింటికి బయటపడి పోలీసు స్టేషన్లు, ఆడపిల్లల హాస్టళ్ళు, ఆస్పత్రులు తిరుగుతున్నాను. కాళ్ళు అరిగిపోతున్నాయి గానీ ఈ ఊరు తరగడం లేదు. వెళ్ళినచోటల్లా ముందు అడిగేది ఫోటో. మొన్న పుట్టినరోజుకి నువ్వు తీసినదాన్ని ఫ్రేములోంచి ఊడదీసి తెచ్చాను. అందరి చేతులూ పడి దాని మూలలు నలిగిపోయాయి. స్టేషనులో ఒకటి ఇచ్చి పొమ్మంటారు, ఉన్నది ఒక్కటే అంటే విసుక్కుంటారు.

నెగెటివ్ నీ దగ్గరే ఉంటుంది కదా. నువ్వు ఏదీ పారేసే మనిషివి కాదు. నలభై ప్రింట్లు వేసి వెంటనే పంపించు.

ఎందుకు వెళ్ళిందని అడుగుతావు. చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. ఇంట్లో ఎవరైనా అనుకునే మాటలే.

నీ చెల్లి

*

స్టూడియో,
మే 17

చెల్లీ,

నీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఫోటో తీయించుకోవడానికి వచ్చిన ఒకాయన కాలర్ సర్దుకుని, దువ్వుకుని, మళ్ళీ దువ్వుకుని, చివరికి నన్ను తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

నలభై కాదు, యాభై ప్రింట్లు వేశాను. అట్టలో పెట్టి బస్సు పార్సిలులో పంపుతున్నాను. నిగనిగలాడే కాగితం వాడలేదు, చేతి మరకలు పడతాయని గరుకు కాగితం మీద వేశాను. ముఖం స్పష్టంగా ఉంది. కళ్ళు, ముక్కు, నవ్వు ఆపుకుంటున్న ఆ మూతి, అన్నీ దానివే. ఒకసారి చూసినవాళ్ళెవరైనా గుర్తుపడతారు. నువ్వు ధైర్యంగా ఉండు. మనిషి అన్నాక ఎక్కడో ఒకచోట తింటుంది, ఎక్కడో ఒకచోట పడుకుంటుంది. ఎవరో ఒకరు చూడకుండా ఉండరు.

నేనూ వస్తానని రాయబోయి ఆగాను. ఇద్దరం అక్కడుంటే ఇక్కడ ప్రింట్లు వేసేవాడు ఉండడు. పైగా ఎడమకంటిలో శుక్లం ముదిరింది. కొత్త ఊళ్ళో రోడ్డు దాటించడానికి నాకే ఒక మనిషి కావాలి. నువ్వు వెతకవలసింది ఒకరిని, ఇద్దరిని కాదు.

స్టేషన్లలో గుర్తులు అడిగితే ఎత్తు, రంగు, ఆరోజు కట్టుకున్న బట్టలు చెప్పు. మిగతాదంతా ఫోటో చెబుతుంది. నువ్వు తిరిగే స్టేషన్లు, ఆస్పత్రుల పేర్లు ఒక కాగితం మీద రాసి పంపు, అవసరం పడితే ఇక్కణ్ణించే పంపుతాను.

అది అంత దూరం వెళ్ళడానికి ఇంట్లో మామూలు మాటలు చాలవు చెల్లీ. నాకు దాస్తే దాచావు గానీ, పోలీసులకి మాత్రం దాచకు.

అన్నయ్య

*

బస్టాండు వెనక అద్దెగది,
జూన్ 14

అన్నయ్యా,

నువ్వు పంపినవాటిలో ఆరు మిగిలాయి. నలభై నాలుగు చోట్ల ఇచ్చాను. ఒక్కరు కూడా చూశామనలేదు. ఇంతమంది జనంలో ఒక్క మనిషి కంటికి కూడా నా కూతురు ఆనలేదంటే నేను నమ్మలేకపోతున్నాను.

పోయిన నెల ఇరవై ఆరున పెద్దాసుపత్రికి వెళ్ళాను. అంటుజ్వరాల వార్డులో దిక్కులేని ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నారని బయట ఎవరో అన్నారు. నన్ను లోపలికి రానివ్వలేదు, అంటుకుంటుందట. వార్డు ఇన్‌చార్జి నర్సు ఫోటో పుచ్చుకుని లోపలికి వెళ్ళింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. బయటికొచ్చి, మంచాల పక్కన పెట్టి మరీ చూశానమ్మా, ఈ అమ్మాయి ఇక్కడ లేదు అని చెప్పి, ఫోటో తన దగ్గరే ఉంచుకుంది.

నిన్న ఒక స్టేషనులో ముసలి రైటరు నా కేసు కాగితాలు తిరగేస్తూ, ఇన్ని రాశారు గానీ పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు అన్నచోట ఖాళీ వదిలేశారేమిటన్నాడు. అప్పుడు చెప్పాను, ఎడమ చెవి కింద నుంచి గడ్డం దాకా కాలిన మచ్చ ఉందని. ఆయన ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఎక్కడమ్మా?" అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. నెలరోజులుగా ఊరంతా తిరిగిన నాకు ఆ మాట ఒక్కచోట కూడా నోటికి రాలేదు. చిన్నప్పటి నుంచీ దాని మచ్చ సంగతి ఎవరి ముందూ ఎత్తకపోవడం నాకు అలవాటైపోయింది. నువ్వు ఫోటోలో తీసేసేవాడివి, నేను మాటల్లో తీసేసేదాన్ని. నేను గోడ మీద చూసి చూసి నేర్చుకున్న ముఖాన్ని ఊరందరికీ పంచిపెట్టాను.

ఇప్పుడు నీకు దాచినది కూడా చెప్పేస్తాను. ఈ ఊళ్ళో పెద్ద బట్టలదుకాణంలో కౌంటరు ఉద్యోగానికి అర్జీ పెట్టింది. అర్జీతో నువ్వు తీసిన ఫోటోనే పంపింది. రమ్మని కబురొచ్చింది. ఎంత సంబరంగా వెళ్ళిందో! అక్కడ మేనేజరు ఫోటో చూసి, దాని ముఖం చూసి, ఈ ఫోటోలో అమ్మాయిని పంపించండి అన్నాడట, అందరి ముందూ. ఇంటికొచ్చి గోడ మీది ఫోటో తీసి నేల మీద పెట్టింది. నేను ఓదార్చాల్సింది పోయి అరిచాను. పొద్దున్నించీ నీళ్ళు కూడా తాగలేదు, కుట్టు అప్పగించాల్సిన రోజు, చిరాకులో ఉన్నాను. మామయ్య అంత కష్టపడి దిద్దితే నీకు విలువ లేదన్నాను. చిన్నప్పుడు స్టూడియోలో నీ అల్లరితో నువ్వే తీగ లాగి ఆ దీపం మీదకి తెచ్చుకున్నావు, ఎవరిని అంటావన్నాను.

అది కేకలెయ్యలేదు. "అయితే ఆ పిల్లనే ఉంచుకో అమ్మా" అని సంచి తీసుకుంది.

అన్నయ్యా, నీకు దండం పెడతాను. మచ్చ కనపడే ఫోటో ఏ సంవత్సరానిదైనా సరే, ఒక్కటి పంపించు. నువ్వు అడిగిన పేర్ల కాగితం దీంతో పంపుతున్నాను.

నీ చెల్లి

*

స్టూడియో,
జూన్ 20

చెల్లీ,

అలాంటిది లేదు.

ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు ఒక పూట పట్టింది. నీ ఉత్తరం రాగానే స్టూడియో తలుపు వేసేసి, బీరువాలోంచి దాని కవర్లన్నీ దించాను. నాలుగో ఏటి నుంచి ఇరవై రెండో ఏటి దాకా, ఏడాదికొకటి, పంతొమ్మిది నెగెటివ్‌లు. కిటికీ అద్దానికి వరసగా అంటించి చూశాను. పంతొమ్మిది మంది పిల్లలున్నారు. వాళ్ళలో ఒక్కరూ మన పిల్ల కాదు.

నేను చేసినదేమిటో నీకు తెలియాలి. మచ్చలో నల్లగా ఉండే భాగం నెగెటివ్ మీద పలచగా, అద్దంలా కనిపిస్తుంది. అక్కడ సన్నగా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెట్టి నింపితే ప్రింటులో చర్మంలో కలిసిపోతుంది. మచ్చ అంచుల్లో మెరిసే గట్లు నెగెటివ్ మీద నల్లగా ఉంటాయి. వాటిని చిన్న కత్తితో గీకి పలచన చెయ్యాలి. పెన్సిలు వేసినది టర్పెంటైన్‌తో తుడిస్తే పోతుంది. గీకినది గీకినట్టే, మళ్ళీ పుట్టదు.

పదకొండో ఏడు దాకా ఆ మచ్చ చదునుగా ఉండేది, పెన్సిలుతోనే సరిపెట్టాను. ఆ తర్వాత ముఖం పెరిగేకొద్దీ అంచులు తేలాయి. కత్తి పట్టాను. నిన్నంతా దూదితో ఒక్కొక్కటీ తుడిచాను. మొదటి ఎనిమిదింటిలో మచ్చ బయటికి వచ్చింది. కానీ చిన్నపిల్ల చెల్లీ, రెండు జడలు, ఊడిన పన్ను. ఆ ముఖం పట్టుకుని ఇరవై రెండేళ్ళ పిల్లని ఎవరు పోలుస్తారు! తర్వాతి పదకొండింటిలో ముఖం రాలేదు, నా కత్తి గీతలే వచ్చాయి. మొన్నటి పుట్టినరోజుది కూడా ఆ తుడవడంలో పాడైపోయింది.

చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముందు గదిలో అద్దాల పెట్టెలో మొన్నటి పుట్టినరోజు ప్రింటే పెద్దది ఉంది. దాని మీద సన్నకుంచెతో మచ్చని మళ్ళీ వేశాను. ఎదురుగా ఏమీ పెట్టుకోలేదు. నాకెందుకు? పద్దెనిమిదేళ్ళుగా అంగుళం అంగుళం చెరిపినవాణ్ణి, ఆ మచ్చ నాకు తెలిసినంతగా దానికే తెలియదు. పొడవు, వంపు, చెవి కింద విరిగే చోటు, అన్నీ చేతిలోనే ఉన్నాయి. వేసినదాన్ని మళ్ళీ కెమెరాతో తీసి, కొత్త నెగెటివ్ చేసి, నలభై అయిదు ప్రింట్లు లాగాను.

నీకు చేరి, నువ్వు మళ్ళీ పంచేసరికి వారం పోతుంది. అందుకని నీ కాగితంలో ఉన్న స్టేషన్లకి, ఆస్పత్రులకి, ఇక్కణ్ణించే రిజిస్టరు పోస్టులో పంపేశాను, ఇంతకుముందు ఇచ్చిన ఫోటో సరైనది కాదు, ఇదే సరైనదని రాసి. నీకు ఒకటి ఇందులో పెట్టాను.

ఈసారి దొరుకుతుంది.

అన్నయ్య

*

అద్దెగది,
జూన్ 27

అన్నయ్యా,

దాని మచ్చ ఎడమ చెంప మీద ఉంది. నువ్వు కుడిచెంప మీద వేశావు.

కవరు విప్పి చూసి, నా కళ్ళే తప్పనుకుని అద్దం ముందు నిలబడి నా చెంప తడుముకుని చూసుకున్నాను. పిచ్చిదానిలా ఎదురుగదిలో ఆవిణ్ణి పిలిచి, ఈ ఫోటోలో అమ్మాయికి మచ్చ ఏ పక్క ఉందని అడిగాను.

నాకు ఒక్కదానికే పంపి ఉంటే చింపి పొయ్యిలో పెట్టేదాన్ని. నలభై నాలుగు చోట్లకి పంపావు. పెద్దాసుపత్రికి పరుగెత్తితే ఇన్‌చార్జి నర్సు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూపించింది. మొదట మచ్చ లేని పిల్లని తెచ్చారు, ఇప్పుడు కుడివైపు మచ్చ ఉన్న పిల్లని పంపారు, ఇప్పుడేమో ఎడమవైపు అంటున్నారు, అసలు మీకు కూతురుందా అని అడిగింది. దిక్కులేని ఆడపిల్లల్ని మా బిడ్డలేనని చెప్పి తీసుకుపోయే ముఠాలున్నాయట. అలాంటివాళ్ళే ఇలా మార్చి మార్చి ఫోటోలు తెస్తారట. ఆ మాట ఆవిడ మెల్లగానే అంది. పక్కనున్న కాపలావాడు మాత్రం నా చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకొచ్చి వదిలాడు. నన్ను, అన్నయ్యా! కుట్టుమిషను తొక్కి దాన్ని పెంచిన నన్ను.

స్టేషనులో రైటరు ఒక్కడే కూర్చోమని మంచినీళ్ళిచ్చాడు. కేసు కాగితం మీద ఎర్రసిరాతో రాసి ఉంది, ఫోటోలు నమ్మదగినవి కావని. ఆయన దాన్ని చేత్తో కప్పాడు గానీ నేను చూశాను.

పంతొమ్మిది పుట్టినరోజులు అది నీ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. గడ్డం ఎత్తమన్నావు, తల వంచమన్నావు. ఒక్కసారైనా దాని ముఖం చూశావా?

నువ్వు ఇక ఏమీ పంపకు. ఉత్తరం కూడా రాయకు.

*

స్టూడియో,
జూలై 2

చెల్లీ,

రాయవద్దన్నావు. రాయకుండా ఉండలేను, చింపేసే ముందు ఒక్కసారి చదువు. చదివి ఇందులో చెప్పినట్టు చెయ్యి, ఆ తర్వాత నన్ను ఏమన్నా అను.

చూశావా అని అడిగావు. చూడలేదు. దిద్దే పనంతా నెగెటివ్‌కి మందు పూసిన మసక వైపు నుంచే చెయ్యాలి. ఆ వైపు నుంచి చూస్తే ముఖం తిరగబడి ఉంటుంది, ఎడమచెంప కుడిచెంపలా కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా నా చెయ్యి బల్ల మీద అటే పోయింది. ప్రింటు మీద కుంచె పట్టినప్పుడు కూడా అటే పోయింది. నాకు తెలిసిన మచ్చ బల్ల మీది మచ్చ. పిల్ల ఎదురుగా కూర్చున్నప్పుడు నేను నల్లగుడ్డ కింద తలదూర్చి ఉండేవాణ్ణి, దాని కళ్ళలోకి చూడకుండా ఉండడానికి.

ఎందుకో చెబుతాను. తీగ అది లాగలేదు చెల్లీ.

నాలుగో పుట్టినరోజున పెద్ద దీపం స్టాండుకి మర వదులుగా ఉంది. ఉదయం నుంచీ రెండుసార్లు తల వాల్చింది. బిగించాలి, బిగించాలి అనుకుంటూనే ఉన్నాను. పిల్ల స్టూలు మీద బుద్ధిగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కదలకమ్మా అన్నాను, కదల్లేదు. ఆ దీపం దానంతట అదే ఒరిగి చెంప మీద పడింది. నేను కదలొద్దన్నానని, పడే దీపాన్ని చూస్తూ కూడా అది కదల్లేదు.

నువ్వు పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగావు. తీగ లాగిందని నా నోటికి వచ్చేసింది. ఆరోజు సాయంత్రం నిజం చెబుదామనుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. అప్పటికే నువ్వు, బావగారు, చూడవచ్చినవాళ్ళు, అందరూ పిల్ల అల్లరి గురించి అనుకోవడం మొదలుపెట్టారు. మచ్చ ప్రింటులో కనబడినప్పుడల్లా నాకు ఆ మర కనబడేది. అందుకే చెరిపాను. నీ మీది ప్రేమతోనని నువ్వనుకున్నావు, నేనూ నాకు అలాగే చెప్పుకున్నాను. బావగారు ఆ అబద్ధాన్నే నమ్మి పోయారు. నువ్వు దాన్నే పట్టుకుని ఆ రోజు పిల్లని అన్నావు. ఆ మాట నీది కాదు, నాది.

క్షమించమని అడగను. ఇప్పుడు చెయ్యాల్సింది విను.

పెద్దాసుపత్రుల్లో తోడు లేకుండా వచ్చిన రోగుల్ని చేర్చుకునేటప్పుడు, పలక మీద నంబరు రాసి పట్టించి ఫోటో తీస్తారు. మా ఊరి ఆస్పత్రికి నాలుగేళ్ళు ఆ పని నేనే చేశాను. ప్రింట్లు పై ఆఫీసుకి పోతాయి. నెగెటివ్‌లు మాత్రం ఫోటోగ్రాఫరు గదిలోనే పడి ఉంటాయి, ఎవరూ అడగరు. వాటిని దిద్దే తీరిక ఎవరికీ ఉండదు. వార్డులోకి వెళ్ళకు. ఫోటోగ్రాఫరు గది ఎక్కడో కనుక్కో. ఆయనకి విడిగా ఒక ఉత్తరం రాసి ఇందులో పెట్టాను, నేను చేసినదంతా దాచకుండా రాశాను. మా పనివాడికి మా పనివాడి తప్పు అర్థమవుతుంది.

నెగెటివ్ చూడడం నీకు అలవాటు లేదు. భయపడకు. అంచులు పట్టుకుని కిటికీకి ఎదురుగా ఎత్తు. మెరిసే వైపు నీ కంటి వైపు ఉండాలి, మసకగా ఉన్న వైపు కిటికీ వైపు. అప్పుడే ఎడమ ఎడమగా ఉంటుంది. జుట్టు తెల్లగా, ముఖం నల్లగా ఉంటుంది, మొదట దెయ్యాల్లా కనిపిస్తారు. తొందరపడకు. నీ కుడిచేతి వైపున, చెవి కింద నుంచి గడ్డం దాకా ఒక పలచని చార కోసం చూడు. దానికి రెండువైపులా నల్లటి అంచు ఉంటుంది.

తుడిచిన ఎనిమిది నెగెటివ్‌ల ప్రింట్లు కూడా పెట్టాను, మచ్చ ఉన్న చోటే ఉంది, మెరిసే వైపు, మసక వైపు పదిసార్లు సరిచూసుకుని వేశాను. నాలుగో ఏటిది గాయం మానాక తీసినదే. అక్కణ్ణించి పదకొండో ఏడు దాకా ఒకే మచ్చ, ఒకే చెంప. నీ కూతురు నీ కూతురేనని ఎవరైనా అడిగితే అవి చూపించు.

అన్నయ్య

*

అద్దెగది,
జూలై 16

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండో పేజీ చదివాక మిగతాది చదవడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను నిన్ను ఏమనుకున్నానో రాయను. నాలుగో రోజున ఆస్పత్రికి వెళ్ళాను.

ఫోటోగ్రాఫరు గది చాకిరేవు గది పక్కనుంది, ఆవిరికి గోడలు చెమర్చి ఉంటాయి. ఆయన ముసలివాడు, వేళ్ళ చివరలు నీవాటిలాగే గోధుమరంగు. నీ ఉత్తరం నిలబడే చదివాడు. నన్నేమీ అడగలేదు. కవర్లున్న చెక్కపెట్టెలు రెండు దించి, కిటికీ దగ్గర కుర్చీ వేసి, తలుపు దగ్గరగా వేసి తన పని చూసుకున్నాడు.

మూడు వందలకి పైగా చూశాను. నువ్వన్నట్టు దెయ్యాలే. మొదటి రోజు ఎవరు ఆడో ఎవరు మగో కూడా తెలియలేదు. తెల్లని జుట్టు, వెలుగుతున్న కనుపాపలు, గుండెల మీద పలక. వాళ్ళందరికీ ఎవరో ఒకరు ఉంటారు కదా, ఆ ఎవరో ఒకరు ఎక్కడ తిరుగుతున్నారో! కళ్ళు నీళ్ళు కారుతుంటే ఆయన తడిగుడ్డ ఇచ్చాడు. రెండో రోజు మధ్యాహ్నం ఒకటి ఎత్తాను. చార కనబడలేదు ముందు. మూతి కనబడింది. కోపమొస్తే కింది పెదవి లోపలికి లాక్కుంటుంది చూడు, అలా. ఆ తర్వాత చూస్తే నా కుడిచేతి వైపు చార, దానికి రెండు పక్కలా నల్లటి గీత. ఎవరూ దిద్దలేదు, అన్నయ్యా. చెవి దగ్గర విరిగే చోటు కూడా ఉన్నదున్నట్టుగా ఉంది. నేను అరిచానట, ఆయన వచ్చి నా చేతిలోంచి నెగెటివ్ తీసుకుని, పలక మీది నంబరు చదివాడు.

నంబరు రెండు వందల ఏడు. చేర్చుకున్నది మే పంతొమ్మిదిన, జ్వరంతో ఒళ్ళు తెలియని స్థితిలో. నేను మే ఇరవై ఆరున ఆ తలుపు బయట నిలబడినప్పుడు అది లోపల ఉంది. మూడో మంచం. ఫోటోగ్రాఫరు నన్ను వెంటబెట్టుకుని ఇన్‌చార్జి నర్సు దగ్గరికి వెళ్ళాడు. నెగెటివ్ పక్కన నువ్వు పంపిన ఎనిమిది ప్రింట్లూ వరసగా పరిచాడు. ఆవిడ ఒక్కొక్కటీ చూసింది. పదకొండో ఏటిది చూసి కూర్చుండిపోయింది. నేను ఆ రోజు మీ ఫోటోని ఈ అమ్మాయి పక్కన పెట్టి చూశానమ్మా, మచ్చ ఉంది కనకే కాదన్నాను, తర్వాత మీరు ఎడమవైపు అన్నప్పుడు ఈ పిల్లే గుర్తొచ్చింది, దీన్ని ఎత్తుకుపోవడానికి వచ్చారేమోనని భయపడి చెప్పలేదు అంది. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ సరిగ్గానే చూసింది.

జూన్ పన్నెండున నయమై, ఎవరూ లేరని చెప్పి, ఆడవాళ్ళ ఆశ్రయంలో చేరింది. ఆస్పత్రికి నాలుగు వీధుల అవతల. ఆ వీధిలో నేను ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. ఆ గేటు దగ్గర కూడా నీ ఫోటో ఒకటి ఇచ్చాను, అది అక్కడ చేరకముందే.

నిన్న వెళ్ళాను. నర్సు కూడా వచ్చి పెద్దావిడతో మాట్లాడింది. వరండాలో కూర్చోమన్నారు. దుప్పట్లు మడతపెట్టే గదిలోంచి అది వచ్చింది, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. చాలా చిక్కిపోయింది. జ్వరంలో జుట్టు కత్తిరించేశారు, మచ్చ అంతా కనబడుతోంది. కప్పుకోలేదు. నన్ను చూసి దగ్గరికీ రాలేదు, లోపలికీ పోలేదు. నీ ఉత్తరం తీసి చేతికిచ్చాను, రెండో పేజీ పైన పెట్టి.

నిలబడి చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. మెట్టు మీద కూర్చుంది.

"తీగ నేను లాగలేదా?" అంది.

లేదన్నాను. మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ లేదన్నాను. అప్పుడు కుడిచెయ్యి చాపి వేళ్ళు ముడిచి చూసుకుంది. "నాకు తీగ చేతిలో ఉన్నట్టు గుర్తుంది అమ్మా. వేడిగా ఉండేది, నల్లగుడ్డ చుట్టి ఉండేది. గట్టిగా లాగినట్టు గుర్తుంది. ఇప్పటికీ గుర్తుంది" అంది.

ఇంటికి రమ్మని నేను అడగలేదు. అడిగినా రాదు. అక్కడ దానికి పని ఉంది, మంచం ఉంది. రేపు మళ్ళీ రానా అంటే తల ఊపింది. నాకు ప్రస్తుతానికి అది చాలు.

నేను నిన్ను క్షమించానని రాయడం లేదు. ఆ సంగతి తర్వాత ఎప్పుడైనా చూద్దాం. కంట్లో శుక్లం, రోడ్డు దాటలేను, ప్రింట్లు వేసేవాడు ఉండడు, ఇవేవీ నాకు చెప్పకు. ఆదివారం పదింటికి బయటివాళ్ళని లోపలికి రానిస్తారు. శనివారం బస్సెక్కు, నేను బస్టాండులో ఉంటాను. వచ్చి ఆ మెట్టు మీద దాని ఎదురుగా కూర్చుని, దాని ముఖంలోకి చూసి, తీగ లాగలేదని నీ నోటితో చెప్పు. నేను చెబితే నమ్మడం లేదు.

నీ చెల్లి